ఇంక్లైను నుండి డిక్లైను దాకా

గోదావరిఖనిలో పెరిగిన పిల్లలకు ఇంక్లైను అన్నది ఇంగ్లీషు మాట అని చాలాకాలం తెలియదు. నాకూ తెలియదు. ఒకటో ఇంక్లైను, రెండో ఇంక్లైను, ఐదో ఇంక్లైను, ఇవన్నీ మాకు చోట్ల పేర్లు, బస్సు ఆగే స్థలాలు, నాన్నలూ మేనమామలూ డ్యూటీకి పోయే దిక్కులు. ఎనిమిదో నంబరు గని పక్కన వెలసిన కాలనీ పేరు పత్రికల్లో "యైటింక్లయిన్ కాలనీ" అని అచ్చవుతూ వచ్చింది. ఎయిట్ అన్న అంకె, ఇంక్లైన్ అన్న మాట, రెండూ సంధి కలిసి అచ్చ తెనుగు ఊరిపేరులా మారిపోయాయి. ఏ వ్యాకరణ సూత్రం ప్రకారం యడాగమం వచ్చిందో చెప్పగల పండితులు మనలో ఉన్నారు, వారికే వదిలేస్తున్నాను.

ఏడో తరగతిలో ఒకరోజు ఇంగ్లీషు మాస్టారు "ఇంక్లైన్ అంటే అర్థం ఏమిటి?" అని అడిగితే తరగతి యావత్తూ ఒక్క గొంతుతో "బాయి సార్!" అని జవాబిచ్చింది. ఆయన కోస్తా నుండి కొత్తగా వచ్చినవారు. బాయి అంటే నుయ్యి కదా, నుయ్యికీ ఈ మాటకూ ఏమిటి సంబంధం అని కాసేపు తికమకపడ్డారు. మా వైపు బొగ్గుగనిని బొగ్గుబాయి అంటారనీ, గనిలో పనికి పోవడాన్ని బాయికి పోవుడు అంటారనీ మేమే ఆయనకు పాఠం చెప్పాం. ఆయన నవ్వి, నల్లబల్ల మీద ఒక ఏటవాలు గీత గీశారు. బాయిలోకి దిగే దారి ఇలా వాలుగా ఉంటుంది గనుక దానికి ఆ పేరు వచ్చిందన్నారు. తరవాత అదే గీత మీద సుద్దముక్కను పైనుండి కిందికి జార్చి, "ఇలా చూస్తే డిక్లైన్" అన్నారు.

ఒకే గీతకు రెండు పేర్లు. ఆ సంగతి అప్పట్లో అంతగా పట్టలేదు. మా ఊరి గురించి మాట్లాడేవాళ్ళందరూ ఆ రెండో మాటను వాడడం మొదలుపెట్టాక, దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలనిపించింది. తెలుసుకున్న కొద్దీ అది మా బాయిలాగే వాలుగా లోపలికి తీసుకుపోయింది. ఆ దారిలో కనిపించినవాటిని ఇక్కడ రాసుకుంటున్నాను.

లాటిన్‌లో క్లినారే అంటే వంచడం, వాల్చడం. ఈ క్రియ ఒంటరిగా కనిపించడం అరుదు, ఉపసర్గలు తోడుంటేనే దానికి చలనం. ముందు "ఇన్" చేరితే ఒకవైపుకు మొగ్గడం, "రె" చేరితే వెనక్కి వాలడం, "డె" చేరితే ఉన్నచోటు నుండి పక్కకో కిందికో ఒరిగిపోవడం. చివరిదే ఫ్రెంచి మీదుగా పద్నాలుగో శతాబ్దంలో ఇంగ్లీషులోకి డిక్లైన్ అయి చేరింది. చేరిన కొత్తలో దాని అర్థం దారి తప్పడం, పక్కకు తొలగడం అని. ఎవరైనా ఏదైనా ఇవ్వబోతే పక్కకు తొలగడం ఎలాగో, దాన్ని మర్యాదగా నిరాకరించడం అలాగే కదా. అందుకే పదిహేడో శతాబ్దం నాటికి కాదనడం అన్న అర్థం కూడా దానికి వచ్చి చేరింది. ఆఫీసు ఉత్తరాల్లో ఈనాటికీ ఈ అర్థమే రాజ్యమేలుతోంది.

మన వ్యాకరణాభిమానులకు నచ్చే మలుపు ఇంకొకటి ఉంది. ప్రాచీన గ్రీకు వ్యాకర్తలు నామవాచకపు విభక్తిని ప్టోసిస్ అన్నారు. అంటే పడడం. ప్రథమావిభక్తిలో మాట నిటారుగా నిలబడి ఉంటుందట, తక్కిన విభక్తుల్లో పక్కకు ఒరుగుతుందట. లాటిన్‌వారు దాన్ని అనువదించుకుని కాసుస్ అన్నారు, అదీ పడడమే. మాట ఇలా రూపాలు మారడాన్ని డెక్లినాతియో అన్నారు. క్రీస్తుకు పూర్వం ఒకటో శతాబ్దంలో వర్రో అనే రోమన్ పండితుడు భాషమీద రాసిన గ్రంథంలో దీని చర్చ విస్తారంగా చేశాడు. ఇంగ్లీషు బడుల్లో లాటిన్ పిల్లలు నామవాచకాన్ని "డిక్లైన్" చేయడమంటే విభక్తులు వల్లించడమే.

మన సంప్రదాయంలో విభక్తి అంటే విభజన, అందులో పడడమూ వాలడమూ లేవు. అయితే తెలుగులో ఇల్లు నిటారుగా ఉన్నంతసేపే ఇల్లు. దానికి ఏదైనా తగిలిస్తే ఇంటి అవుతుంది. ఊరు ఊరి అవుతుంది, కన్ను కంటి అవుతుంది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఔపవిభక్తికాలని చెప్పినవి ఇవే. గ్రీకువాడు చూస్తే మన ఇల్లు "ఇంటికి" అన్నప్పుడు పక్కకు ఒరిగిందనేవాడు. ఒరిగిన మాటకే ఇంకో మాటతో చుట్టరికం కుదురుతుంది. నిటారు మాట ఒంటరిది.

ఇక క్రమంగా తగ్గిపోవడం అన్న అర్థానికి వద్దాం. ఇది ఆకాశం నుండి దిగింది. మధ్యాహ్నం దాటాక సూర్యుడు పడమటికి వాలడం డిక్లైన్. దాని వెంటే మనిషి ప్రాయం వాలడమూ వచ్చింది. ఇక్కడ తెలుగువాడు ఇంగ్లీషు దగ్గర అప్పుపడాల్సిన అవసరమే లేదు. మనకు వాలు ఉంది. కొండవాలు ఉంది, పొద్దువాలడం ఉంది, వాలుకుర్చీ ఉంది, మంచంమీద కాసేపు నడుము వాల్చడం ఉంది. పిట్ట కొమ్మమీద వాలుతుంది. లాటిన్ ఎరగని ద్రావిడపు మాట లాటిన్ నడిచిన దారినే నడవడం నాకు భలే ఆశ్చర్యంగా తోచింది. గ్రీకులో క్లినే అంటే నడుము వాల్చే మంచం. ఆ మంచం దగ్గరికి వచ్చే వైద్యుడి పేరుమీదే క్లినిక్ వచ్చింది.

మంచం మాట వచ్చింది కనుక జబ్బు సంగతీ చెప్పాలి. పద్దెనిమిది, పందొమ్మిదో శతాబ్దాల ఇంగ్లీషులో డిక్లైన్ అంటే ఒక రోగం. మనిషి సన్నగిల్లి, దగ్గుతూ, రోజురోజుకూ కరిగిపోయే రోగం. 1882లో కోఖ్ దాని వెనకనున్న సూక్ష్మజీవిని పట్టుకుని చూపించాక ఆ పాత పేరు మెల్లగా మరుగునపడింది. మనవాళ్ళు ఆ రోగాన్నే క్షయ అన్నారు. ఇదేదో కాకతాళీయమనుకున్నాను గానీ ఇక్కడ ఇంకో ముడి ఉంది. గ్రీకు వైద్యులు ఈ రోగానికి పెట్టిన పేరు ఫ్థిసిస్, ఇంగ్లీషువారి ఉచ్చారణలో థైసిస్. ఆ గ్రీకు మాటా, సంస్కృతంలో క్షయానికి మూలమైన "క్షి" ధాతువూ ఒకే తల్లి బిడ్డలని భాషాశాస్త్రజ్ఞులు తేల్చారు. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో రాతిదుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడైన కార్మికుల జబ్బును మైనర్స్ థైసిస్ అనేవారు. గని, క్షయం, ఈ రెండు మాటలూ ఏనాడో ఒకచోట కలుసుకున్నాయన్నమాట.

ఒక మనిషికి వర్తించిన మాట రాజ్యానికి వర్తించడానికి ఎక్కువకాలం పట్టదు. ఎడ్వర్డ్ గిబ్బన్ రోమన్ సామ్రాజ్యపు క్షీణతనూ పతనాన్నీ గురించి రాసిన చరిత్ర తొలి సంపుటం 1776లో వచ్చింది, చివరివి 1788లో వచ్చాయి. ఆ పేరులో రెండు మాటలున్నాయి. డిక్లైన్ వాలు, ఫాల్ ఆ వాలు చివరనున్న అగాధం. అప్పటినుండి ఇంగ్లీషు చదువుకున్నవాడెవడైనా చరిత్ర రాస్తే, ఒక ఎక్కుడూ ఒక శిఖరమూ ఒక దిగుడూ లేకుండా రాయలేని స్థితి వచ్చింది. జర్మన్ రచయిత స్పెంగ్లర్ 1918లో తన పుస్తకానికి కిందికి పోవడం, అస్తమించడం అనే అర్థాలున్న ఉంటర్‌గాంగ్ అన్న మాట పెట్టుకుంటే, ఇంగ్లీషు అనువాదంలో అదీ డిక్లైనే అయింది.

ఆ నీడ మన మీదా పడింది. తెలుగు సాహిత్య చరిత్రల్లో రమారమి 1775 నుండి 1875 వరకు నడిచిన నూరేళ్ళకు క్షీణయుగమని పేరు. చిన్నప్పుడు పరీక్షలకోసం బట్టీపట్టాం. ఆ నూరేళ్ళలోకి ఒకసారి తొంగిచూడండి. తిరువయ్యారులో త్యాగరాజు (1767-1847) తెలుగులో కీర్తనలు కూర్చుకుంటూ ఉన్నాడు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీకి బయలుదేరి దారిపొడుగునా దినచర్య రాసుకున్నాడు. బ్రౌను దొర తాళపత్రాలు పోగుచేయించి, ప్రతులు రాయించి, 1852లో నిఘంటువు అచ్చువేయించాడు. చిన్నయసూరి కలంపట్టి వచనం రాశాడు. ప్రబంధం క్షీణించిన మాట నిజమే కావచ్చు. ప్రబంధాన్ని కొలబద్దగా పట్టుకుని చూసినవాడికి ఆ వందేళ్ళు దిగుడుగా కనబడ్డాయి. పాటను గానీ, వచనాన్ని గానీ, కోశాన్ని గానీ పట్టుకుని చూసేవాడికి అదే కాలం ఎక్కుడు. క్షీణయుగమన్న పేరు చూసినప్పుడల్లా క్షీణించింది ఏది, చూస్తున్నది ఎవరు, అని రెండు ప్రశ్నలు వేసుకోవడం నాకు అలవాటైంది.

ఆ రెండు ప్రశ్నలూ పట్టుకుని ఇప్పుడు మా బాయిలోకి దిగుతాను.

ఎల్లందు దగ్గరి సింగరేణి అనే పల్లె పరిసరాల్లో బొగ్గు ఉన్నదని 1871 ప్రాంతంలో భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ధ్రువపరిచాడు. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకపు హక్కులు దక్కాయి. 1889లో ఎల్లందులో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం మెజారిటీ వాటాలు కొన్నది. తవ్వకం బెల్లంపల్లికి, కొత్తగూడేనికి, 1960 ప్రాంతంలో గోదావరి ఒడ్డున రామగుండానికీ పాకింది. అడవీ చేలూ ఉన్నచోట గోదావరిఖని పుట్టింది. ఊరి పేరులోనే ఖని. ఎల్లందుకు జనం పెట్టుకున్న పేరు బొగ్గుట్ట. కంపెనీ మాత్రం ఎంత దూరం జరిగినా ఆ తొలి పల్లె పేరునే మోస్తూ వచ్చింది.

రామగుండంలో బొగ్గుపొరలు ప్రాణహిత గోదావరి లోయలో పేరుకున్న గోండ్వానా శిలల్లోనివి. పర్మియన్ కాలపు అడవులు బురదలో కూరుకుపోయి, ఇరవై అయిదు కోట్ల ఏళ్ళకు పైబడి ఒత్తిడికి నలిగి బొగ్గయ్యాయి. ఆ పొరలు చదునుగా ఉండవు. ఒకవైపు నేలపైదాకా తేలి, మరోవైపు లోతుకు వాలి ఉంటాయి. ఈ వాలే మొత్తం కథను నడిపింది. పొర పైకి తేలినచోట నిలువు షాఫ్టు తవ్వడం అనవసరం. పొర వాలును అనుసరించి ఒక సొరంగం దించితే చాలు. పట్టాలు వేసి, ఇనుపతాడుతో టబ్బులను పైకి లాగవచ్చు, మనుషులు నడిచి దిగవచ్చు. అదే ఇంక్లైను. లోపల దిక్కులకు తూర్పు పడమరలుండవు. పొర దిగేవైపు డిప్పు, ఎక్కేవైపు రైజు. చదువురాని కార్మికుడు కూడా ఈ రెండు మాటలనూ చీకట్లో కాళ్ళతో చదివాడు.

ఆస్ట్రేలియా గనుల్లో ఇలా వాలుగా దిగే సొరంగాన్ని డిక్లైన్ అంటారు. నా ఏడో తరగతి నల్లబల్ల మీది గీతే ఇది. పేరులో ఏముందంటారా? నాకైతే ఉందనిపిస్తుంది. మా ఊళ్ళో ఆ సొరంగానికి ఇంక్లైను అనే పేరు కుదరడంవల్ల, మొగ్గడం, ఒకవైపుకు వంగడం అనే అర్థం ఊరి నోట్లో నిలిచింది. తట్టా చెమ్మాసూ పట్టుకుని టబ్బుల్లో బొగ్గు నింపిన ఫిల్లర్లు, షిఫ్టు సైరన్ కూయగానే క్యాపుల్యాంపు తగిలించుకుని ఆ వాలులో దిగారు. ఎనిమిది గంటల తరవాత అదే వాలు ఎక్కి వచ్చారు. దిగిన వాలే ఎక్కాలి. ఎక్కలేనివాళ్ళూ ఉన్నారు. 2003 జూన్ 16న ఏడో నంబరు ఎల్ఈపీ గనిని నీరు ముంచెత్తి 17 మంది ప్రాణాలు తీసింది. మా వైపు ఆ తేదీ గుర్తులేని ఇల్లు తక్కువ.

సరే, డిక్లైను ఎక్కడ మొదలైంది? 1990ల ఆరంభంలో సింగరేణిలో దాదాపు లక్షా పదహారు వేల మంది ఉద్యోగులుండేవారు. అప్పుడు ఏటా తీసే బొగ్గు రెండు కోట్ల టన్నుల లోపే. నష్టాలు పేరుకుని కంపెనీ ఖాయిలా పరిశ్రమల బోర్డు ముందుకు వెళ్ళింది. ఖాయిలా పడడమంటే జబ్బుపడడం. కంపెనీకి కూడా మనిషిలాగే ఒంట్లో బాగుండకపోవడమనేది ఒకటుంటుందని మేం నేర్చుకున్నది అప్పుడే. జబ్బు పేరు డిక్లైన్ అని రెండువందల ఏళ్ళనాటి ఇంగ్లీషువాడైతే రాసి ఉండేవాడు.

రోగి కోలుకున్నాడు. 2023-24లో తీసిన బొగ్గు 7 కోట్ల టన్నులు. అప్పటికి ఉద్యోగుల సంఖ్య నలభై వేల చుట్టూరా వచ్చి ఆగింది. పాత లెక్కలో ఒక్కో ఉద్యోగి తలకు నూటయాభై టన్నులు వస్తే, కొత్త లెక్కలో పదిహేడు వందల పైచిలుకు. ఈ రెండో లెక్కలోకి వేలమంది కాంట్రాక్టు కార్మికులు రారన్నది గుర్తుంచుకోవాలి, వారిని కలిపితే తలసరి తగ్గుతుంది. ఎలా కలిపినా రెండు గీతలు కనబడతాయి. బొగ్గు గీత పైకి, మనుషుల గీత కిందికి. కంపెనీ కాగితాలు పట్టుకుని చూసేవాడికి ఇది అభివృద్ధి. ఇంక్లైను ముందు హోటలు నడుపుకున్నవాడికి, మొదటి షిఫ్టు దిగేవేళ రోడ్డుమీద జనం పలచబడడం చూసినవాడికి ఇది క్షీణత. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

గీతలు అలా విడిపోవడానికి కారణం ఓపెన్‌కాస్టు. 1970లలో రామగుండంలో మొదలైన ఈ పద్ధతిలో వాలు సొరంగం అక్కరలేదు. పైనున్న మట్టిని పెళ్ళగించి పక్కన గుట్టలు పోసి, బొగ్గును ఆరుబయట తవ్వుకుంటారు. షవెళ్ళూ డంపర్లూ ఉంటే కొద్దిమందితో పని జరుగుతుంది. భూగర్భ గనులతో పోలిస్తే ఖర్చు తక్కువ, లోపల పైకప్పు కూలే భయం లేదు, చిక్కే బొగ్గు శాతం ఎక్కువ. ఈ న్యాయాన్ని కాదనలేం. భూగర్భ గనుల్లో కూడా ఫిల్లరు చేతిలోని చెమ్మాసు స్థానంలోకి ఎస్‌డీఎల్ యంత్రం వచ్చింది. సింగరేణికి పుట్టినిల్లయిన ఎల్లందులో భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడి, ఓపెన్‌కాస్టులు మిగిలాయి. గోదావరిఖనిలో ఐదో ఇంక్లైను ఉన్నచోటా ఓపెన్‌కాస్టు వచ్చింది. ఇప్పుడంతా "మొత్తంగా బొగ్గుకే కాలం వాలింది" అని, వాతావరణం పేరు చెప్పి లోకమంతా అంటున్నది. క్లైమేట్ అన్న మాట కూడా గ్రీకులో వాలు అనే అర్థమున్న క్లిమా నుండి వచ్చినదే కావడం ఒక విచిత్రం.

మా రామగుండం ఎరువుల కర్మాగారం కథ కూడా ఇక్కడ పనికొస్తుంది. బొగ్గు ఆధారంగా ఎరువు తయారు చెయ్యడానికి కట్టిన ఆ కర్మాగారంలో 1980లో ఉత్పత్తి మొదలై, 1999లో ఆగిపోయింది. ఇరవై ఏళ్ళకు పైగా తుప్పుపట్టాక 2021లో కొత్త సంస్థ పేరుతో మళ్ళీ యూరియా వచ్చింది. ఈసారి సహజవాయువుతో. ఊరికి పోయిన కర్మాగారం తిరిగొచ్చింది, అందులోకి బొగ్గు మాత్రం తిరిగి రాలేదు. 1971 నుండి బొగ్గుమీద నడిచిన 62.5 మెగావాట్ల బీ థర్మల్ కేంద్రం 2024లో శాశ్వతంగా ఆగిపోయింది. ఒకే ఊళ్ళో ఒకటి వాలుతుంటే ఒకటి లేస్తున్నది. మన క్షయం అనే మాట అడుగున చంద్రుడున్నాడు. కృష్ణపక్షంలో తరిగినవాడు శుక్లపక్షంలో పెరుగుతాడు. అరవై సంవత్సరాల పట్టికలో చివరిది క్షయ, మనవాళ్ళు ఆ మాట నోటరాక అక్షయ అని చెప్పుకుంటారు. దాని వెనకే ప్రభవ వస్తుంది. ఊళ్ళకు ఈ లెక్క కొంత సరిపోవచ్చు. బొగ్గు చంద్రుడు కాడు. తీసిన బొగ్గుకు శుక్లపక్షం లేదు. దాన్ని గురించి చెప్పడానికి చక్రం పనికిరాదు, వాలే కావాలి.

కిందికి పోయే మనుషుల గీతలో నన్ను కలవరపెట్టిన భాగం ఒకటుంది. తండ్రి ఉద్యోగం కొడుక్కు రావడమనేది బొగ్గుబాయిల్లో పాత ఆచారం. 1990ల చివర్లో ఆ వారసత్వ ఉద్యోగాలు ఆగిపోయాయి. 2016లో వాటిని మళ్ళీ ఇస్తామన్న ప్రకటన వచ్చింది. 2017లో హైకోర్టు కొట్టివేసింది. ఆ తరవాత కారుణ్య నియామకాల పేరుతో ఒక మార్గం ఏర్పడింది. జబ్బువల్ల పనికి పనికిరాడని వైద్యుల బోర్డు తేల్చిన కార్మికుడి వారసుడికి ఉద్యోగం. న్యాయంగా చూస్తే రోగంతో ఇంటికొచ్చిన మనిషి కుటుంబానికి ఇది పెద్ద ఆసరా. దాని మరోవైపు ఎలాంటిదో కాలనీ అరుగుల మీద కూర్చున్నవాళ్ళకు తెలుసు. మా వీధిలో పెద్దవాళ్ళు "ఆయన అన్‌ఫిట్ అయిండా, ఇంకా కాలేదా?" అని అడుగుతారు. అడిగేది ఆదుర్దాతోనే. ఆ ప్రశ్నలో జబ్బు ముదరాలన్న కోరిక ఎవరికీ లేదు. కానీ ఇంట్లో చదువు ముగించి ఖాళీగా ఉన్న కొడుకున్నాడు. తండ్రి ఒళ్ళు ఎంత వాలిందో కాగితంమీద తేలితే తప్ప కొడుకు నిటారుగా నిలబడే దారి కనబడదు. డిక్లైన్ అన్న పాత రోగం పేరు ఇంత సూటిగా అర్థమయ్యే చోటు మరొకటి నాకు తెలియదు.

ఈ మాటల దారిలో చిట్టచివర ఒక సంగతి తెలిసింది. నాకు కొంత ఊరట ఇచ్చింది కూడా అదే.

లాటిన్ క్లినారే, గ్రీకు క్లీనో, ఇంగ్లీషు లీన్, వీటన్నిటి వెనకా మూల ఇండో యూరోపియన్ భాషలో "క్లెయ్" అనే ఒక ధాతువును పండితులు ఊహించారు. అర్థం ఆనుకోవడం, ఒరగడం. ఆ భాషలోని కొన్ని కకారాలు సంస్కృతంలోకి శకారాలుగా వచ్చాయి. లాటిన్‌లో నూరు కెంతుమ్, మనకు శతం. గ్రీకులో కీర్తి క్లెయోస్, వేదభాషలో శ్రవస్సు. అలాగే ఈ "క్లెయ్" సంస్కృతంలో "శ్రి" అయింది. ఆ ధాతువు మీద "ఆ" అనే ఉపసర్గ చేరితే ఆశ్రయం. లాటిన్‌వాడు "డె" చేర్చి కిందికి ఒరగడం అన్నాడు. మనవాడు "ఆ" చేర్చి దగ్గరగా ఒరగడం, ఆనుకోవడం అన్నాడు. డిక్లైనూ ఆశ్రయమూ ఒకే వంశంలోని దాయాదులు. మాస్టారి గీతకు రెండు పేర్లనుకున్నాను, మూడో పేరు కూడా ఉంది.

ఆ మూడో పేరుతో చూస్తే మా ప్రాంతపు చరిత్ర నాకు కొంత తేటపడింది. బొగ్గు తగ్గిందనీ పెరిగిందనీ, కంపెనీ ఖాయిలాపడిందనీ కోలుకున్నదనీ చెప్పే లెక్కలు సరైనవే. మేం అనుభవించినది ఆ లెక్కల్లో లేదు. అరవై ఏళ్ళు ఒక ఊరు ఊరంతా ఒక వాలు సొరంగాన్ని ఆనుకుని బతికింది. కిరాణాకొట్టు, బడి, సినిమాహాలు, సంఘాల జెండాలు, పెళ్ళిచూపులు అన్నీ దాని మీదే ఒరిగి ఉన్నాయి. ఆనుకున్న గోడ పక్కకు జరిగింది. గోడ పడిపోలేదు, నిజానికి ఇంకా పెద్దదయింది. కానీ దానికి ఇప్పుడు ఇంతమంది భుజాలు అక్కరలేదు. ఆనుకుని ఉన్నవాడి వైపు నుండి చూస్తే దాన్ని డిక్లైన్ అనాలి. ఇంకా సూటిగా చెప్పాలంటే ఆశ్రయం తప్పడం.

కిందటి సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఆటో ఎక్కితే, పక్కన కూర్చున్న ఏడెనిమిదేళ్ళ పిల్లను "ఎక్కడ దిగుతవు బిడ్డా?" అని డ్రైవరు అడిగాడు. "యైటింక్లయిన్" అంది. అంటే ఏమిటో తెలుసా అని అడుగుదామని నోటిదాకా వచ్చింది. "మా ఇల్లు" అని చెబుతుందేమో అనిపించింది. అడగలేదు. ఆ మాటకు మా తరగతి చెప్పిన అర్థం ఒకటి, మాస్టారు చెప్పిన అర్థం ఇంకొకటి. ఆ పిల్ల అర్థం మూడోది, ఆశ్రయానికి దగ్గరిది.